మా అన్నబెల్ ఈసారి వాలిపోలేదు

షికాగో శివారులో ఇల్లు కొన్న కొత్తలో నేను మొదట పెట్టింది నీలం పూల హైడ్రాంజియా, అంటే గుత్తులుగా పూసే పొద, అందులో పెద్దాకుల రకం. మూడేళ్లు పెంచాను, ఆకులే తప్ప ఒక్క పువ్వు లేదు. అది పోయినేడాది కొమ్మ మీదే మొగ్గ కడుతుంది, ఇక్కడి చలికి ఆ మొగ్గ బతకదు. అందుకే పక్కన అన్నబెల్ అనే తెల్లపూల హైడ్రాంజియా పెట్టాను.

ఇది స్మూత్ హైడ్రాంజియా, తూర్పు అమెరికా అడవుల మొక్క, ఏ ఏడుకి ఆ ఏడు లేచే కొత్త కొమ్మ మీద పూస్తుంది, కాబట్టి చలికాలం ఎంత గట్టిగా ఉన్నా భయం లేదు. పైగా ఈ రకం మా ఇల్లినాయ్‌దే. 1910లో రాష్ట్రం దక్షిణాన ఆనా అనే ఊరి దగ్గర హారియట్ కర్క్‌పాట్రిక్ అనే ఆవిడ అడవిలో చూసి ఇంటికి తెచ్చుకున్నారు. నర్సరీలకు చేరింది 1960లలోనే. అప్పటిదాకా ఒక పెరట్లోంచి ఇంకో పెరట్లోకి చేతులు మారుతూ బతికింది, మా అమ్మ తెనాలిలో పిట్టగోడ మీంచి కనకాంబరం నారు అందించినట్టే.

దీనితో వచ్చే చిక్కల్లా వాలిపోవడం. మార్చిలో నేలమట్టానికి కోసేయమని అందరూ చెబితే నేనూ అలాగే కోశాను. పూలు తలకాయంత వచ్చాయి, జూన్ చివర్లో ఒక్క గాలివానకి అన్నీ నీళ్లు పీల్చుకుని బురదలో పడుకున్నాయి, చూస్తే ఏడుపొచ్చింది. ఇప్పుడు మోకాలి ఎత్తున, అంటే ఒకటిన్నర అడుగు వదిలి కోస్తున్నాను. ఆ పాత కొమ్మలు కింద ఊతంగా నిలుస్తాయి. ఎరువు కూడా తగ్గించాను, నత్రజని ఎక్కువైతే కాడలు మెత్తబడతాయి. మొన్న వాన వెలిశాక వెళ్లి చూస్తే ఒక గుత్తి వంగి ఉంది, కింద చెయ్యి పెట్టి మెల్లగా విదిలిస్తే దోసెడు నీళ్లు రాలాయి, కొమ్మ దానంతటదే లేచింది.

ఉదయం ఎండ, మధ్యాహ్నం నీడ ఉండే చోటైతే దీనికి హాయి. మట్టి ఎండిపోకుండా మొక్క మొదలు చుట్టూ చెక్కపొట్టు పరుస్తాను. నేల ఆమ్లగుణం మార్చినంత మాత్రాన తెల్ల పువ్వు నీలం అవదు, దానికోసం డబ్బులు తగలేయకండి. మే నెలలో మాత్రం కొమ్మల చివర్లు చూడండి: రెండు ఆకులు అంటించిన కవరులా కనిపిస్తే విప్పండి, లోపల సన్నటి దారాల మధ్య నల్ల తలతో చిన్న ఆకుపచ్చ పురుగు ఉంటుంది. చేత్తో తీసేస్తే చాలు, మందు అక్కర్లేదు.

అన్నబెల్ పువ్వు లేతాకుపచ్చగా విచ్చి, తెల్లబడి, ఆగస్టుకి మళ్లీ పచ్చబడుతుంది. నాకైతే ఆ రెండో పచ్చే ఇష్టం.

మా వీధిలో కొత్తగా దిగిన గుంటూరు వాళ్లు ఒక మొక్క అడిగారు. కింది కొమ్మ ఒకటి వంచి అంటు తొక్కి, పైన రాయి పెట్టాను. వేరు పడితే వచ్చే ఏప్రిల్‌లో విడదీసి ఇస్తాను.