ఒక్క ఏత్వం దూరం

మొన్న ఆదివారం మధ్యాహ్నం టీవీలో ‘నువ్వే కావాలి’ వస్తుంటే, పది నిమిషాలు చూసి లేద్దామనుకుని కూర్చున్నవాణ్ణి చివరిదాకా కదలలేదు. 2000 అక్టోబరులో ఆ చిత్రం విడుదలైనప్పుడు నేను ఇంటర్మీడియట్ విద్యార్థిని. అప్పట్లో పాటల కోసమే చూశానని ఒప్పుకోవాలి. అంతకు ముందు ఏడాది కమల్ దర్శకత్వంలో మలయాళంలో వచ్చిన ‘నిరం’ కథను విజయభాస్కర్ తెలుగులో తీయగా, త్రివిక్రమ్ మాటలు రాశారు. ‘అంజలి’లో బాలనటుడిగా చూసిన తరుణ్ ఇందులో కథానాయకుడయ్యాడు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా దీనికే దక్కింది.

ఒకే రోజున, ఒకే ఆసుపత్రిలో పుట్టి, పక్కపక్క ఇళ్లలో పెరిగిన ఇద్దరి కథ ఇది. ఇందులో కులం పట్టింపు లేదు, ఆస్తి తగాదా లేదు, కత్తి పట్టుకొచ్చే మేనమామ అసలే లేడు. రెండు ఇళ్ల పెద్దలకూ ఆ పిల్లల మీద ఉన్న నమ్మకమే ఇక్కడ అడ్డుగోడ. తనను సొంత బిడ్డలా చూసుకున్న ఇంట్లో, ఆ ఇంటి అమ్మాయికి వేరొకరితో సంబంధం కుదురుతున్న వేళ, అతను నోరు విప్పితే పుట్టినప్పటి నుంచి తిన్న అన్నానికి ద్రోహం చేసినట్లవుతుంది. ద్వితీయార్ధంలో ఈ మౌనాన్ని కాస్త ఎక్కువగానే సాగదీశారని నాకు ఇప్పుడనిపించింది. హాస్యమంతా మొదటి సగంలోనే ఉంది.

ఈసారి నా దృష్టి పేరు మీద నిలిచింది. పరిచయం లేని ఇద్దరి ప్రేమకథ మన భాషలో ‘మీరు’తో మొదలై, ఎంతో తటపటాయింపు తర్వాత ‘నువ్వు’కు చేరుతుంది. స్నేహితులకు ఆ సౌకర్యం లేదు. వారు చిన్ననాడే ‘నువ్వు’ దగ్గర ఉన్నారు. దాటవలసింది ‘నువ్వు’కూ ‘నువ్వే’కూ మధ్య ఉన్న ఒక్క ఏత్వాన్ని మాత్రమే, ఆ కాస్తకే సినిమా అంతా పడుతుంది.

నిరుడు మా మిత్రులిద్దరి పెళ్లిలో దీని మరో ముఖం చూశాను. పదకొండేళ్ల స్నేహం తర్వాత పీటల మీద కూర్చున్నారు. తలంబ్రాల సమయంలో పెళ్లికూతురు, “ఒరేయ్, కళ్లలో పడుతున్నాయిరా!” అని గట్టిగా అనేసింది. పంతులుగారి మంత్రం ఒక్క క్షణం ఆగింది. ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మ, “ఇక ఏవండీ అనాలే తల్లీ” అని మందలించింది. ఆ పిల్ల బుద్ధిగా తలవంచుకుని “ఏవండీ” అనగానే పెళ్లికొడుకు నవ్వు ఆపుకోలేక దోసిట్లోని బియ్యమంతా తన పంచె మీదే పోసుకున్నాడు.

ఇప్పటికీ వాళ్లింట్లో ‘ఒరేయ్’ అనే వినిపిస్తుంది. అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడు మాత్రం, “ఆయన స్నానం చేస్తున్నారు అమ్మమ్మా” అంటుందట, పక్కనే కూర్చున్న అతణ్ణి నవ్వవద్దని మోచేత్తో పొడుస్తూ.