గిరినగర్ చీకటి గది

"మన ఇన్‌స్టిట్యూట్ ఎలా పెరిగిందో రాసి పంపు అక్కా, రెండు పేజీలు చాలు" అని మన పాత విద్యార్థుల కమిటీ తమ్ముడు మూడుసార్లు ఫోన్ చేశాడు. పెరిగిన సంగతి మీకందరికీ తెలిసిందే. 1952లో బ్లాకెట్ కమిటీ సిఫారసుతో పూనాలో సైన్యం ఇంజనీరింగ్ కాలేజీ (సీఎంఈ) ఆవరణలో ఆయుధాల చదువుల బడిగా పుట్టింది, 1967లో పేరు మార్చుకుని పూనా దగ్గరే ఉన్న గిరినగర్ వచ్చింది, మనకు పట్టా ఇచ్చింది పూనా యూనివర్సిటీ, 2000లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, 2006 నుంచి డయట్ (డిఫెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ) అంటున్నారు. ఇందులో నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. ఆయుధాల చదువుకు ఒక బడి కావాలని చెప్పిన ఆ బ్లాకెట్ గారు ఫిజిక్స్ మనిషి, 1948లో నోబెల్ తీసుకున్నాయన. మన బఘా సార్ (మరాఠీలో "బఘా" అంటే "చూడండి") మొదటి క్లాసులోనే ఈ మాట చెప్పి, "ఇక్కడ ఫిజిక్స్ ముందు, ఇంజనీరింగ్ తర్వాత" అన్నారు. రెజిమెంట్లో పదేళ్లు గడిపి వచ్చిన మేజర్ సాబ్ ముఖం అప్పుడు ఎలా ఉందో గుర్తుందా!

నేను హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని క్షిపణి ల్యాబ్ నుంచి వెళ్లాను. 1988లో నాంపల్లిలో బొంబాయి ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు రెండేళ్ల బాబు అమ్మ చంకలో నిద్రపోతున్నాడు. ఆ రైల్లో షోలాపూర్ దాకా ఏడ్చాను. ఈ సంగతి అప్పట్లో మీలో ఎవరికీ చెప్పలేదు.

మొదటి టర్మ్, రెండో టర్మ్ నాకు పెద్దగా గుర్తులేవు. గుర్తున్నది 1989 వేసవి. అక్కడ మా వాళ్లంతా ఒడిశా తీరాన చాందీపూర్‌లో అగ్ని క్షిపణి పనిలో ఉన్నారు, నేను గిరినగర్‌లో ఖడక్‌వాస్లా చెరువు చూస్తూ లెక్కలు చేసుకుంటున్నాను. ఏప్రిల్ 20న ప్రయోగం చివరి క్షణాల్లో ఆగిపోయింది, మే 1న మళ్లీ వాయిదా. పేపర్ల నిండా ఎత్తిపొడుపులే. ఇక ఉండబుద్ధి కాలేదు. చదువు ఎప్పుడైనా చదువుకోవచ్చు, వెనక్కి పోతానని ఉత్తరం రాసుకుని సార్ దగ్గరికి వెళ్లాను.

ఆయన ఉత్తరం చదవలేదు. ల్యాబ్ తాళం తీసి లైట్లార్పేశారు. ఒక చివర పుటాకార దర్పణం, ఇంకో చివర చిన్న బల్బు, దాని ముందు సన్నని చీలిక, వెలుగు తిరిగొచ్చి ఒక బిందువుగా చేరే చోట నిలువునా విరిచిన గడ్డం బ్లేడు. "స్క్రూ తిప్పి బ్లేడును లోపలికి జరుపు, అద్దమంతా ఒకే బూడిదరంగులోకి వచ్చేదాకా" అన్నారు. వెంట్రుకవాసి ఎక్కువ తిప్పితే అంతా నలుపు, తక్కువ తిప్పితే అంతా తెలుపు. గంటన్నర పట్టింది. రంగు సమంగా కుదిరాక ఆయన నా చేయి పట్టుకుని అద్దం ముందు ఉంచి "బఘా!" అన్నారు.

నా అరచేతి మీంచి వేడి లేస్తోంది. సాంబ్రాణి పొగలా సుడులు తిరుగుతూ పైకి పోతోంది. అంతకుముందు అక్కడ ఖాళీ గాలే. గాలి వేడెక్కితే పలచబడుతుంది, పలచబడ్డ చోట వెలుగు కాస్త వంగుతుంది, వంగిన వెలుగును బ్లేడు కోసేస్తుంది లేదా వదిలేస్తుంది. ష్లీరెన్ పద్ధతి అంటే అంతే. పుస్తకంలో అప్పటికే రెండుసార్లు చదివి ఉన్నాను, కానీ ఆ రాత్రి చూశాను.

"క్షిపణి చుట్టూ గాలి ఏం చేస్తుందో చూడగలిగినవాళ్లు అక్కడ కావాలి. నేర్చుకుని వెళ్లు" అన్నారు. ఉత్తరం చింపేశాను. మే 22 పొద్దున అగ్ని లేచిందని రేడియోలో వినగానే మెస్‌లో పొడుగు కెప్టెన్ నా ప్లేటులో పెట్టిన జిలేబీలు ఎన్నో మీరే చెప్పాలి.

ఆ సెలవుల్లో అమ్మ బాబును తీసుకొచ్చింది. సార్ వాణ్ణి ఎత్తుకుని అద్దం ముందు ఊదమన్నారు. వాడు ఊదాడు, మనందరం ఆ బుల్లి ఊపిరిని చూశాం.

తర్వాత సంగతులు తొందరగా చెప్పేస్తాను. పట్టా వచ్చింది, హైదరాబాద్ వచ్చేశాను, ముప్పై ఏళ్లకు పైగా విండ్ టన్నెళ్లతోనే, అంటే గాలిని వేగంగా వదిలి నమూనాలను పరీక్షించే సొరంగాలతోనే, బతికాను. 2020 డిసెంబర్ 19న మా హైదరాబాద్‌లో హైపర్‌సోనిక్ విండ్ టన్నెల్ మొదలైంది, నాజిల్ మూతి వెడల్పే ఒక మీటరు, మాక్ 5 నుంచి 12 దాకా, అంటే ధ్వని వేగానికి అన్ని రెట్లు. ఆ వార్త చూసినప్పుడు మా టీమ్ పిల్లలు నాకు పంపిన మెసేజ్‌లో ఒకటే మాట, "మేడమ్, బఘా!" వాళ్లెవరూ సార్‌ను చూడలేదు. ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ బుల్లి ఊపిరివాడు ఇప్పుడు ఫిజిక్స్ పాఠాలు చెప్పుకుంటున్నాడు, నేను పట్టుబట్టింది కాదు, తనే ఎంచుకున్నాడు.

ఒక్క కోరిక. చివరి టర్మ్‌లో స్పార్క్ వెలుగులో తూటా ఫొటో తీశాం కదా, ముక్కు దగ్గర నుంచి వీ ఆకారంలో షాక్ తరంగం గీత. సెకనుకు 800 మీటర్లు పోయే తూటా మైక్రోసెకను (సెకనులో పది లక్షల వంతు) వెలుగులో 0.8 మిల్లీమీటరే కదులుతుందని సార్ బోర్డు మీద లెక్కేసి చూపించాకే తీయనిచ్చారు. మూడు ప్రింట్లు వేశాం. నాది క్వార్టర్స్ మారేటప్పుడు పోయింది. మేజర్ సాబ్ దగ్గరిది వానకు తడిసిందని విన్నాను. పొడుగు కెప్టెన్ గారూ, మూడోది మీ దగ్గరే ఉండాలి. దొరికితే హైదరాబాద్ వచ్చేటప్పుడు మడతపెట్టకుండా తీసుకురండి.