వాడి మాట పూర్తయ్యేదాకా

మా బాబుకు మాటలు తొందరగానే వచ్చాయి. రెండేళ్ళు నిండేసరికి రెండు మూడు పదాలు కలిపి అడిగేవాడు, ఆ తర్వాత కొద్ది నెలలకే కథలు అల్లడం మొదలుపెట్టాడు. కావలిలో మా ఇంటి మేడ మీదికి రైళ్ళు కనిపిస్తాయి. గూడ్సుబండి వస్తే చాలు, పరుగున వెళ్ళి పెట్టెలు లెక్కపెట్టేవాడు. అలాంటి పిల్లవాడి మాట రెండేళ్ళ తొమ్మిదో నెలలో, వారం తిరిగేలోపు మారిపోయింది. మొదట "అ అ అ అమ్మా" అన్నాడు. తర్వాత "మ్మ్మ్మామ" అని మొదటి అక్షరం దగ్గరే సాగదీశాడు. ఇంకొన్నాళ్ళకు నోరు తెరిచినా శబ్దమే వచ్చేది కాదు. కళ్ళు గట్టిగా మూసుకుని, కాలు నేలకేసి తట్టి, అప్పుడు ఒక్క ఊపున మాట బయటికి తోసేవాడు.

జ్వరం రాలేదు, ఎక్కడా పడలేదు, దేనికీ జడుసుకోలేదు. అయినా ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఒక కారణం దొరికింది. దిష్టి అన్నారు. నాలుక కింద పొర అడ్డుపడుతోంది, కోయించమన్నారు. పక్కింటి పెద్దావిడ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయమని తెచ్చి ఇచ్చారు. మాటలు ఆలస్యమైన పిల్లలకు వస పోయడం మన వైపు పాత అలవాటే, కానీ మావాడికి మాటలు లేకపోవడం కాదు కష్టం, ఉన్న మాటలు బయటికి రావడం. పైగా వసలో బీటా-అసరోన్ అనే హానికరమైన పదార్థం ఉంటుందని, అమెరికాలో 1968లోనే ఆహారపదార్థాల్లో వస వాడకాన్ని నిషేధించారని చదివాను. ఆ కొమ్ము నేను వాడి నోటి దగ్గరికి రానివ్వలేదు.

అందరికంటే నన్ను బాధపెట్టిన కారణం మా అన్నయ్య.

మా పుట్టిల్లు బిట్రగుంట. నాన్న రైల్వేలో పనిచేసేవారు. అన్నయ్యకు చిన్నప్పటి నుంచీ నత్తి. తరగతిలో హాజరు పిలిచేటప్పుడు తన వంతు దగ్గరపడుతుంటే వాడి చొక్కా చెమటతో తడిసిపోయేది. కాలేజీ నెల్లూరులో. సాయంత్రం స్టేషన్ కౌంటర్ దగ్గర "బిట్రగుంట" అనే మాట రాక, వెనకాల వరుసలోని వాళ్ళు విసుక్కుంటుంటే, "కావలి" అని ఎక్కువ డబ్బులిచ్చి ఆ టికెట్ తీసుకుని తన ఊళ్ళో దిగేవాడు. ఈ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. ఇప్పుడు నెల్లూరులో ఆడిటర్ దగ్గర పనిచేస్తున్నాడు. ఆదివారాలు మా ఇంటికి వచ్చేవాడు. బాబుకు వాడంటే ప్రాణం.

అత్తయ్య మెల్లగా అన్నారు: "కొన్నాళ్ళు మీ అన్నయ్యను రావద్దని చెప్పమ్మా. పిల్లలు చూసిందే నేర్చుకుంటారు." ఆవిడ మనసులో చెడ్డ లేదు, మనవడి మీద బెంగ అంతే. కానీ నేను చెప్పకముందే అన్నయ్య ఫోన్ చేసి, "పని ఎక్కువగా ఉందమ్మాయ్, ఈ నెల రాలేను" అన్నాడు. పని కాదని నాకు తెలుసు. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. ముప్పై ఏళ్ళు మాట కోసం అవస్థ పడినవాణ్ణి, చివరికి మేనల్లుడికి అంటు తగిలించినవాడిలా దూరంగా నిలబెట్టాలా?

ముందు ఊళ్ళోనే పిల్లల డాక్టరు గారికి చూపించాం. ఆయన వాణ్ణి పరీక్షించి, ఈ వయసులో నత్తి మొదలైన పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి పైగా వాళ్ళంతట వాళ్ళకే తగ్గిపోతుందని ధైర్యం చెప్పారు. కానీ అక్కడితో ఆపలేదు. "మీ ఇంట్లో పెద్దయ్యాక కూడా నత్తి ఉన్నవాళ్ళు ఉన్నారా?" అని అడిగారు. అన్నయ్య సంగతి చెప్పగానే, మగపిల్లవాడు, కుటుంబంలో తగ్గకుండా నిలిచిపోయిన నత్తి ఉంది, మాట కోసం ఇంతగా కష్టపడుతున్నాడు, కాబట్టి ఊరికే చూస్తూ కూర్చోవద్దని, ఒకసారి చెవులు పరీక్ష చేయించి నెల్లూరులో స్పీచ్ థెరపిస్ట్‌ను కలవమని రాసిచ్చారు. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకు ఆయనకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. "అదే తగ్గిపోతుంది" అన్న మాట చాలామంది పిల్లల విషయంలో నిజమే. ఎవరి విషయంలో నిజం కాకపోవచ్చో అడిగి తెలుసుకునేవాళ్ళు తక్కువ.

చెవులు బాగానే ఉన్నాయి. నాలుక కింద పొరకూ నత్తికీ సంబంధం లేదని చెవి ముక్కు గొంతు డాక్టరు గారు తేల్చిచెప్పారు. ఇక థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాం. వెళ్ళేముందు మావారు ఒక పని చేశారు, అది ఎవరైనా చేయాల్సిందే: ఆవిడకు స్పీచ్ థెరపిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో కనుక్కున్నారు. మాటలు నేర్పుతామని బోర్డు పెట్టిన ప్రతివాళ్ళూ ఆ చదువు చదివినవాళ్ళు కారు.

ఆవిడ వాణ్ణి ఒక్క మాట కూడా చెప్పమనలేదు. చాప మీద కూర్చుని బొమ్మ రైలు ఇచ్చి, మమ్మల్ని వాడితో ఆడుకోమని పక్కన కూర్చుని చూశారు. ఇంటి దగ్గర ఫోనులో తీసిన వీడియోలు కూడా చూశారు. "నాకు నాకు నాకు బిస్కెట్టు" అని మొత్తం పదాన్ని తేలికగా మళ్ళీ మళ్ళీ అనడం మాటలు నేర్చుకునే పిల్లల్లో మామూలేనట. పదం లోపలి ముక్కను పట్టుకుని తిప్పడం, శబ్దాన్ని సాగదీయడం, గొంతు బిగిసి మాట ఆగిపోవడం, దానితో పాటు కళ్ళు మూయడం, కాలు తట్టడం, ఇవి నత్తి లక్షణాలు. మావాడికి ఇవన్నీ ఉన్నాయి.

నేను అడిగిన మొదటి ప్రశ్న అన్నయ్య గురించే. ఆవిడ చాలా స్పష్టంగా జవాబిచ్చారు. నత్తి ఒకరిని చూసి ఇంకొకరు నేర్చుకునేది కాదు. దానికి మూలం మెదడులో మాటను నడిపే ఏర్పాట్లలో, వంశంలో వచ్చే జన్యువుల్లో ఉంది. 2010లో అమెరికా శాస్త్రవేత్తలు పాకిస్తాన్‌లోని కొన్ని కుటుంబాలను పరిశీలించి నత్తితో సంబంధం ఉన్న జన్యుమార్పులను గుర్తించారని చెప్పారు. "మీ అన్నయ్య నుంచి రావాల్సింది ఏదైనా ఉంటే అది వీడు పుట్టకముందే వచ్చేసింది. ఆదివారం వచ్చి ఆడుకుంటే వచ్చేది ప్రేమ ఒక్కటే" అన్నారు. అత్తయ్య పక్కనే ఉన్నారు. తిరుగు రైలులో ఆవిడే నా ఫోను అడిగి తీసుకుని అన్నయ్యకు చేశారు. "ఆదివారం చేపల పులుసు పెడుతున్నా, రా నాయనా" అన్నారు.

తల్లుల మీద వేసే నింద గురించి కూడా ఇక్కడ చెప్పాలి. బిడ్డకు నత్తి రాగానే తల్లి గద్దించిందనో, ఉద్యోగానికి పోయి ముద్దు చేయలేదనో అంటారు. ఒకప్పుడు చదువుకున్నవాళ్ళే అలా అనుకున్నారు. 1939లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయం వాళ్ళు అనాథాశ్రమంలోని పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బాగా మాట్లాడే పిల్లలకు కూడా "నీకు నత్తి ఉంది" అని పదే పదే చెప్పి చూశారు. ఆ పిల్లలకు నత్తి రాలేదు, కానీ కొందరు బెరుకుతో మాట్లాడటమే తగ్గించేశారు. 2001లో ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పుకుంది. ఆ పిల్లల కథ చదివి నేను ఏడ్చాను. తల్లిదండ్రుల పెంపకం వల్ల నత్తి రాదన్నది ఇప్పుడు స్థిరపడిన విషయం. అయితే పిల్లవాడి మాటను చుట్టూ ఉన్నవాళ్ళు ఎలా అందుకుంటారన్న దాన్ని బట్టి వాడు మాట్లాడాలనుకుంటాడో, నోరు మూసుకుంటాడో ఉంటుంది.

అందుకే మార్పు మా ఇంట్లో మొదలైంది. "నిదానంగా చెప్పు", "ఊపిరి పీల్చుకుని మళ్ళీ చెప్పు" అనే మాటలు మానాలి. వాడి వాక్యాన్ని మనం పూర్తిచేయకూడదు. మామయ్య పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, పిల్లవాడు తడబడితే అందించడం ఆయనకు నలభై ఏళ్ళ అలవాటు. "బ బ బ" అనగానే "బంతా నాన్నా?" అనేవారు. వాడు అడగబోయింది చాలాసార్లు బస్సు. వాడు చెప్పడం ముగించాక, ఒక్క క్షణం ఆగి, మనమే నిదానంగా జవాబు చెప్పాలి. ప్రశ్నలు తగ్గించాలి. చుట్టాలు రాగానే "పద్యం చెప్పు, రైమ్ చెప్పు, పేరేమిటో చెప్పు" అని నిలబెట్టే అలవాటు మన ఇళ్ళలో ఎంత ఉందో వాడి వైపు నుంచి చూసినప్పుడు తెలిసింది. చుట్టాలకు ముందే చెప్పి ఆపించాం. ఒకరిద్దరికి కోపం వచ్చింది, రానివ్వండి.

వీటన్నిటినీ అందరికంటే బాగా చేసింది అత్తయ్య. ఆవిడ కథ చెప్పేటప్పుడు వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎంతో చోటు వదులుతారు. ఆ చోటులోకి వాడు తన మాటలు తెచ్చుకునేవాడు.

ఒకరోజు అన్నం తింటూ వాడే అడిగాడు: "అమ్మా, నా మాట ఎందుకు రావడం లేదు?" గుండె ఆగినట్టయింది. ఇలాంటప్పుడు ఏమీ లేనట్టు మాట మార్చవద్దని థెరపిస్ట్ ముందే చెప్పారు. "ఒక్కోసారి మాట ఇరుక్కుంటుంది నాన్నా. చాలామందికి ఇరుక్కుంటుంది. నువ్వు చెప్పేదాకా నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. సరే అన్నట్టు తలూపి, అప్పడం కావాలని అడిగాడు. అప్పడం అనే మాటా ఇరుక్కుంది. కానీ ఈసారి కళ్ళు మూసుకోలేదు.

వాడికి మూడేళ్ళు దాటాక లిడ్‌కంబ్ పద్ధతి మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రూపుదిద్దుకున్న పద్ధతి ఇది. ఇందులో వైద్యం చేసేది తల్లిదండ్రులే, థెరపిస్ట్ మనకు నేర్పి సరిదిద్దుతారు. రోజూ పావుగంట సేపు వాడితో కూర్చుని బొమ్మల పుస్తకమో, ఆటో. తేలికగా వచ్చిన మాటలను "ఎంత సాఫీగా చెప్పావు!" అని మెచ్చుకోవాలి. ఇరుక్కున్న మాటను అప్పుడప్పుడు మాత్రమే, వాడికి నొప్పి కలగకుండా పేర్కొనాలి. మెప్పు అతి అయితే పిల్లవాడు దాన్నీ పరీక్షగా భావిస్తాడు, అందుకే ఆవిడ ఎదుట చేసి చూపించి నేర్చుకున్నాం. మావారు రొయ్యల హేచరీలో పనిచేస్తారు, ఆయన ఫోను ఆగకుండా మోగుతుంది. సాయంత్రం ఆ పావుగంట మాత్రం ఫోను వంటింట్లో ఉండేది.

రాత్రి పడుకోబోయే ముందు గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు తేదీ కింద ఒక అంకె వేయాలి. అసలు నత్తి లేకపోతే 0, అత్యంత తీవ్రంగా ఉంటే 9. మొదట్లో 5, 6 ఉండేవి. ఒంగోలులో పెళ్ళికి వెళ్ళినప్పుడు 8కి పోయింది. జలుబు చేస్తే పెరిగేది, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానే పెరిగేది. కానీ మూడు నెలల కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే 6లు తగ్గి 3లు వస్తున్నాయి. ఆ అంకెలు లేకపోతే ప్రతి చెడ్డరోజూ మొదటికొచ్చామనే అనుకునేదాన్ని.

పొగడ్త పద్ధతి మంచిదా, ఇల్లు నిదానపరచడమే చాలా అని నాకు సందేహం ఉండేది. నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లల మీద ఈ రెండు తరహాల చికిత్సలనూ పోల్చి 2015లో ఫలితాలు ప్రకటించారు. ఏడాదిన్నర తర్వాత రెండు జట్లలోనూ నూటికి డెబ్బైమందికి పైగా పిల్లలకు నత్తి పోయింది, రెంటికీ పెద్ద తేడా లేదు. ఇంట్లోవాళ్ళు రోజూ చేయగలిగినదే మేలైనదని నాకు అర్థమైంది.

ఆ ఏడాది రొట్టెల పండుగకు అత్తయ్య నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్ళి, స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె పట్టుకుని వచ్చారు. కోరిక తీరినవాళ్ళు మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇవ్వాలి. మరుసటి ఏడు ఆవిడ వెళ్ళి ఇచ్చారు. అప్పటికి క్యాలెండర్‌లో 1లు, 0లు వస్తున్నాయి. థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళడం నెలకోసారికి, తర్వాత ఇంకా దూరానికి జరిగింది. తగ్గిందని ఒక్కసారిగా వదిలేస్తే తిరిగి రావచ్చు, అందుకే ఈ సాగదీత.

బడి దగ్గర ఒక దెబ్బ తగిలింది. మొదట చేర్చినచోట పెద్దవాళ్ళే వాడి మాటను అనుకరించి నవ్వారు. ఆ వారంలో అంకె మళ్ళీ 4కు వెళ్ళింది. అక్కడ మాన్పించాం. రెండో బడిలో చేర్చేముందే టీచరుకు అన్నీ చెప్పాను. ఆవిడ వాడి వంతు వచ్చినప్పుడు వాడి కళ్ళలోకి చూస్తూ ఆగుతారు. తరగతిలో మిగతా పిల్లలు కూడా ఆగడం నేర్చుకున్నారు.

ఇప్పుడు వాడికి అయిదున్నర. చాలా ఉద్రేకంగా ఉన్నప్పుడు ఒక అక్షరం రెండుసార్లు వస్తుంది, అంతే. వాడికి తగ్గినందుకు నేను దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. తగ్గకపోయి ఉంటే కూడా వాడు మాట్లాడాలి, మేము వినాలి. అన్నయ్యకు తగ్గలేదు, తగ్గదు కూడా. కానీ ఈ మధ్య వాడు కూడా ఆ థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాడు. నత్తి పోవడానికి కాదు, మాట మార్చి తప్పించుకోకుండా అనదలచిందే అనడానికి. ఆఫీసులో ఫోను మోగితే పక్కవాళ్ళకు ఇవ్వకుండా తనే ఎత్తుతున్నాడు.

మా చిన్నదానికి ఏడాదిన్నర. అత్తా, తాతా, కాకి అంటోంది. ఆడపిల్లల్లో నత్తి నిలిచిపోవడం తక్కువే అయినా, మా వంశంలో ఉంది కాబట్టి రెండేళ్ళు దాటాక గమనిస్తూ ఉండమని, తడబాటు కష్టంగా మారితే నెలల తరబడి ఆగకుండా తీసుకురమ్మని థెరపిస్ట్ చెప్పారు. వచ్చే ఏడాది క్యాలెండర్ కొన్నప్పుడు దానికి కూడా ఒకటి కొంటానని మావారు అన్నారు.