స్కూల్ లైబ్రరీకి పిల్లల పుస్తకాల లిస్ట్ ఇచ్చిన పాపానికి (నా అనుభవం)

మొన్నీమధ్యే అప్రూవల్ వచ్చింది. ఒళ్ళు మంట ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా, రేపైతే మర్యాద అడ్డొస్తుంది.

మా పాప చదివే స్కూల్లో (పేరు చెప్పను, ఇంకా చాలా ఏళ్ళు అక్కడే చదవాలి) ఈ ఏడు తెలుగు పుస్తకాలు పెంచుతున్నాం, పేరెంట్స్ ఎవరైనా లిస్ట్ ఇవ్వండి అన్నారు. పిల్లల పుస్తకాలే కాదు, వాటిని రాసినవాళ్ళ గురించి, బొమ్మలేసినవాళ్ళ గురించి చదవదగ్గవి కూడా ఉండాలన్నారు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నా.

లిస్ట్ రాయడం ఒక సాయంత్రం పని. కొనేవాటికి తార్నాకలో పిల్లల పుస్తకాలు వేసే ‘మంచి పుస్తకం’ వాళ్ళున్నారు, ఫ్రీగా కావాలంటే ‘కొత్తపల్లి’ అనే పిల్లల పత్రిక నెట్‌లో ఉంది, అదైపోయింది.

అసలు కథ రిజిస్టర్ దగ్గర మొదలైంది. మా నాన్న బైండ్ చేయించి దాచిన పాత చందమామలు కొన్ని డొనేట్ చేద్దామని తీసుకెళ్ళా, వాటిలో 1954లో వచ్చిన తోకచుక్క సీరియల్ ఉంది. ఫారంలో రచయిత అన్న చోట దాసరి సుబ్రహ్మణ్యం అని రాశా. అక్కడ కూర్చున్న మేడమ్ పుస్తకం ఒకసారి తిరగేసి, "ఈ పేరు ఇందులో ఎక్కడుందమ్మా?" అంది. లేదండీ, సీరియల్స్‌కి పేరు వేసేవాళ్ళు కాదు అన్నా. "అయితే అజ్ఞాత రచయిత అని రాయండి."

అజ్ఞాత ఏంటండీ, ఆయన 1952లో చందమామలో చేరి యాభై ఏళ్ళ పైన అక్కడే పనిచేశారు, ఆ సీరియల్స్ కోసం పోస్ట్‌మాన్ కి ఎదురెళ్ళిన పిల్లలు ఇప్పుడు తాతలైపోయారు అని చెప్తూనే ఉన్నా, ఆవిడ పెన్ను మూత పెట్టి, వెనక ఇంకో ఇద్దరు పేరెంట్స్ నిలబడి ఉండగా, "మీరు తెలుగు టీచరా?" అంది. కాదండీ, అకౌంట్స్‌లో చేస్తా అన్నా. "ఓహో" అంది. ఆ ఓహో ఉంది చూశారూ, దాని ముందు తిట్టినా నయమే. తర్వాత, "నెట్‌లో చూసినవన్నీ రికార్డుల్లో ఎక్కించలేం కదమ్మా" అని వెనకావిడని పిలిచేసింది. నేను ఆ బైండు పుస్తకాలు మోసుకుంటూ పార్కింగ్ దాకా నడిచా, సెక్యూరిటీ అబ్బాయి "పాతపేపర్లా మేడమ్?" అన్నాడు, అది వేరే.

ఆవిడ మీద కోపం ఎంతుందో చందమామ మీదా అంతుంది నాకు. 1947 జులైలో మొదలైన పత్రిక, నాగిరెడ్డి, చక్రపాణి గార్ల పేర్లు అందరికీ తెలుసు. కానీ 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారి పేరు ఎడిటర్‌గా ఎక్కడా పడలేదు. కథల్ని ఆయన తిరగరాసేవారు, పిల్లలకి అర్థమయ్యే తేలిక తెలుగు అట్లా వచ్చిందే. అంత పని చేయించుకుని పేరు వేయకపోవడం ఏం పద్ధతో. బొమ్మలవాళ్ళు కొంచెం అదృష్టవంతులు, వపా (వడ్డాది పాపయ్య), చిత్రా, శంకర్ అని బొమ్మ మూల సంతకమైనా మిగిలింది. భేతాళుడున్న శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ శంకర్ గారిదే, 2020లో పోయారు, పద్మశ్రీ ఆ తర్వాతి ఏడు ఇచ్చారు. బతికుండగా ఇస్తే ఏం పోయేదో!

సరే, విషయానికొస్తా. దాసరి గారి సీరియల్స్ ఆయన పేరుతోనే పుస్తకాలుగా వచ్చాయి. ఒకటి కొని, బైండు పుస్తకం పక్కన పెట్టి, అదే కథ, అవే చిత్రా బొమ్మలు అని పేజీ పేజీ తిప్పి చూపించా. ఈసారి మేడమ్ లేదు, వేరే సార్ ఉన్నారు, ఆయన చిన్నప్పుడు చదివాడట, "అరే, ఇదా!" అని పావుగంట చదువుతూ కూర్చుని సంతకం పెట్టేశాడు. రూల్ అదే, ఫారం అదే, కుర్చీలో మనిషి మారాడంతే. కాబట్టి మీరు వెళ్ళేముందు ఎవరు డ్యూటీలో ఉన్నారో కనుక్కోండి, మిగతా సలహాలన్నీ దీని తర్వాతే.

లిస్ట్‌లో ఏమేం పెట్టానని మీరూ అడుగుతారు కాబట్టి నాకు గట్టి నమ్మకమున్నవి చెప్తా. పదేళ్ళు దాటిన పిల్లలకి దాసరి సీరియల్స్, కళ్ళు మూసుకుని ఇవ్వచ్చు. చింతా దీక్షితులు గారి పిల్లల కథలు చిన్నవాళ్ళకి మనం చదివి వినిపించాలి. కలువకొలను సదానంద గారి అడవితల్లి, 2010లో సాహిత్య అకాడెమీ బాల సాహిత్య పురస్కారం మొదలుపెట్టిన ఏడాదే తెలుగులో దానికి వచ్చింది. పెద్దవాళ్ళకైతే ముళ్ళపూడి వెంకటరమణ ఆత్మకథ కోతి కొమ్మచ్చి తప్పకుండా చదవండి. ఆయనా బాపూ కూడా కుర్రాళ్ళుగా రేడియో అన్నయ్య న్యాపతి రాఘవరావు గారి ‘బాల’ అనే పత్రికలో మొదలైనవాళ్ళే, 1945 నాటి మాట. పిల్లల్ని నమ్మి రాయమంటే ఏమవుతుందో ఆ ఇద్దర్ని చూస్తే చాలు, మన స్కూళ్ళు మాత్రం వర్క్‌షీట్లే నింపిస్తాయి. ముళ్ళపూడి గారి బుడుగుని పిల్లల పుస్తకం అంటే నేనొప్పుకోను, అది పిల్లాడి నోటితో పెద్దవాళ్ళని వాయించడం, కానీ లిస్ట్‌లో పెట్టా, మా పాప ఊరుకోదు.

నిన్న వెళ్ళి చూస్తే కోతి కొమ్మచ్చిని ఆటల పుస్తకాల అరలో క్యారమ్స్ రూల్స్ పక్కన పెట్టారు. నేనే తీసి మార్చా, ఎవర్నీ అడగలేదు.

ఇంకోటి, ఫారంలో బొమ్మలేసినవాళ్ళకి గడే ఉండదు. రిమార్క్స్ అని చివర్లో ఒకటుంటుంది, చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య అందర్నీ చిన్నక్షరాల్లో అక్కడే ఇరికించా. మీరూ అక్కడే రాయండి, పెన్నుతో, పెన్సిల్‌తో అయితే చెరిపేస్తారు.