రేడియేషన్ అయిపోయిన ఏడో నెల

మా నాయన అనంతపురంలో శనక్కాయల మండీ గుమస్తా. క్వింటాళ్లు, కమీషన్, హమాలీ కూలి, అన్నీ నోటిలెక్కే. మొన్న ఉగ్గాని తెస్తానని పోయి టవర్ క్లాక్ దగ్గర నిలబడిపోయాడు. ఇంటికి ఏ దారో గుర్తు రాలేదు. తెలిసిన పండ్ల బండతను నాయన చేయి పట్టుకొని తీసుకొచ్చాడు.

తలలో ఎడమవైపు కణితి. బెంగళూరులో ఆపరేషన్ చేసి, ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. 30 సిట్టింగులు, మొత్తం మోతాదు 60 గ్రే (రేడియేషన్‌ను కొలిచే లెక్క). జుట్టు రాలుతుందని, వాంతులు, నీరసం ఉంటాయని చెప్పారు. అన్నీ అయిపోయాక కసాపురం పోయి మొక్కు తీర్చుకొచ్చాం.

రెండో నెలలో నిద్ర మొదలైంది. కంచం ముందరే కునికేవాడు. స్కాన్ తీస్తే మచ్చ పెద్దదైంది. అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. డాక్టరమ్మ మాత్రం తొందరపడలేదు. రేడియేషన్ అయిన కొత్తల్లో వాపు వల్ల కూడా మచ్చ పెరిగినట్టు కనబడుతుందట. స్టెరాయిడ్ ఇచ్చి, రెండు నెలలాగి మళ్లీ తీస్తే తగ్గింది. నిద్రా తగ్గింది. ఆ స్టెరాయిడ్‌తో పెరిగిన షుగర్ దిగడానికి ఇంకో నెల పట్టింది.

మతిమరుపు అట్లా కాదు. గండం గడిచిందని అందరం అనుకున్నాక మెల్లగా వచ్చింది. కరెంటు వైరుకు ఉన్నట్టు మెదడులో నరాల పోగులకు ఒక తొడుగు ఉంటుందట. దాన్నీ, సన్నటి రక్తనాళాల్నీ రేడియేషన్ నెలల తరబడి లోలోపల దెబ్బతీస్తుందట. కణితి ఉన్న చోటుకు, ఆపరేషన్‌కు కూడా ఇందులో వాటా ఉందని ఆమె దాచకుండా చెప్పింది. పిట్యూటరీ గ్రంథి దెబ్బతిన్నా మనిషి మందగిస్తాడని థైరాయిడ్, హార్మోన్ల పరీక్షలు రాసింది. మీ ఇంట్లో ఎవరికైనా తలకు రేడియేషన్ ఇస్తుంటే, ఆరు నెలల తర్వాత ఏం కావచ్చో ఇప్పుడే అడగండి. మేం అడగలేదు.

తెలియక నేను నాయనను కసిరాను. మాత్ర వేసుకున్నానా అని మూడోసారి అడిగితే, "ఇప్పుడే కదా ఇస్తి, బుద్ధి యాడ పెట్టుకున్నావు?" అన్నాను. ఏమీ అనకుండా పెరట్లోకి పోయి కూర్చున్నాడు. ఆ పూట తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

ఇప్పుడు గోడకు పలక తగిలించాం. మాత్ర వేసుకోగానే ఆయనే సుద్దముక్కతో గీత పెడతాడు. జేబులో నా నంబరు చీటీ ఉంటుంది. సాయంత్రం సప్తగిరి సర్కిల్ దాకా రోజూ ఒకే దారిలో నడుస్తాం. నిన్న రెండున్నర కిలోల టమాటాకు ఎంతవుతుందో నాకంటే ముందే చెప్పాడు. ఇంటికొచ్చాక, ఏం కూరగాయలు తెచ్చినాం పాపా అని అడిగాడు. చెప్పాను. కాసేపాగి మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను.