పాలు కనిపెట్టు

మంగళవారం.

మంగళ, గురు, శని నాన్నకి డయాలసిస్. మూడేళ్ళ నుంచి మా ఇంట్లో వారం అంటే ఆ మూడు రోజులే, మిగతావి ఎలా వెళ్తున్నాయో కూడా తెలీదు. పొద్దున్న నాలుగున్నరకి లేచాను. అమ్మ స్టవ్ మీద పాలు పెట్టీసి "కాస్త కనిపెట్టవే, కోళ్ళని వదిలీసి వస్తాను" అని పెరట్లోకి వెళ్ళింది. నిలబడ్డాను గానీ చేతిలో ఫోన్ ఉంది కదా, స్టేటస్‌లు రెండు చూసేలోపు సగం పాలు స్టవ్ మీదే. తిట్లతో తెల్లారింది.

తర్వాత నాన్న చెయ్యి చూశాను, రోజూ అది నా డ్యూటీ. ఎడమ మణికట్టు పైన ఫిస్టులా ఉంటుంది, డయాలసిస్ సూదులు గుచ్చడానికి రెండు రక్తనాళాలు కలిపి కుట్టింది. దాని మీద వేలు పెడితే చర్మం కింద పిల్లి గుర్రుగుర్రుమన్నట్టు ఒక అదురు తగలాలి. తగిలితే రక్తం బాగా పారుతున్నట్టు, తగలకపోతే ఉన్నపళంగా డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ చూడకూడదు, మా ఇంట్లో దానికున్న మర్యాద ఇంకెవరికీ లేదు. ఈరోజు తగిలింది. స్తోత్రం ప్రభువా అనుకున్నాను, ఈ మధ్య నా పొద్దున్న ప్రార్థన అంతకంటే పొడుగ్గా రావట్లేదు.

ఆటోలో సెంటర్‌కి వెళ్ళాం. బరువు చూస్తే మొన్న శనివారం కంటే రెండు కేజీల నాలుగొందలు ఎక్కువ. "ఏటి తాతా, నీళ్ళు ఎక్కువ తాగీసినట్టున్నావు" అని సిస్టర్ అడిగితే నాన్న చిన్నపిల్లాడిలా నవ్వి ఎండల మీద తోసేశాడు. రోజుకి లీటరు లోపే అని అమ్మ బాటిల్‌లో కొలిచి ఇస్తుంది, అయినా గోలెం దగ్గర దొంగతనంగా ఒక గ్లాసు లాగించేస్తాడని నాకు తెలుసు, నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను, అది తప్పో ఒప్పో మరి.

రెండు సూదులు, ఒకదాంట్లోంచి రక్తం బయటికి, ఇంకోదాంట్లోంచి లోపలికి, నాలుగు గంటలు. పక్క మంచాల మీద ఉన్నోళ్ళంతా మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ళే, కవిటి, కంచిలి, మందస అటువైపు. నాన్న జీవితంలో సారా ముట్టలేదు, షుగర్ లేదు, కొబ్బరితోట పని, ఆదివారం చర్చి, అంతే. ఈ కిడ్నీ జబ్బు మా వైపు ఇంతమందికి ఎందుకొచ్చింది అంటే ఎవరూ చెప్పలేరు. ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పట్టుకెళ్ళి పరీక్షలు చేశారు, ఇదిగో ఇందువల్లే అని ఖాయంగా ఇప్పటికీ తేల్లేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో మంచినీళ్ళు తెచ్చే పథకం వచ్చింది, 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, వెనకాల పిల్లలకైనా మంచి జరగాలి. మొదట్లో రాత్రుళ్ళు దేవుణ్ణి ఎందుకు ఎందుకు అని పీకి పాకం పెట్టేదాన్ని. బైబిల్లో అన్ని కష్టాలు పడ్డ యోబు కూడా అంత అడిగాడు, చివరికి దేవుడు వచ్చి చాలా మాట్లాడాడు గానీ కారణం మాత్రం చెప్పలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు కొంచెం కోపం, కొంచెం ధైర్యం, రెండూ వస్తాయి.

మధ్యలో ఒక పిన్ని ఫోన్ చేసింది, పేరెందుకులే. ఎక్కడో ఎవరికో ప్రార్థన నూనె రాస్తే తగ్గిపోయిందంట, మీకు విశ్వాసం తక్కువ కాబట్టే ఆ సూదులు పట్టుకుని వేలాడుతున్నారంట. నాకు ఒళ్ళు మండిపోయింది. వారం రోజులు డయాలసిస్ మానేస్తే ఏమవుతుందో ఆ మంచాల మధ్య కూర్చున్న నాకు తెలుసు, నిన్నటిదాకా ఉన్న మంచం ఈరోజు ఖాళీ అవ్వడం చూశాను. ఫోన్ పెట్టేశాక నాన్న కళ్ళు తెరవకుండానే "పోనీలేమ్మా, ఈ మిషను మటుకు ఎవరిచ్చారు? ఆయనే కదా" అన్నాడు. అంతే, మళ్ళీ గురక.

ఆ కుర్చీలో పని ఏమీ ఉండదు, మిషను చూస్తూ కూర్చోవడమే. బీపీ పడిపోతుందేమో, కాలు పట్టేస్తుందేమో అని. పొద్దున్న పాల సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. చిన్నప్పుడు స్కూల్లో గ్రాహంబెల్ టెలిఫోన్ కనిపెట్టాడు అని చెప్పేవారు, సండే స్కూల్లోనేమో 40వ కీర్తన "యెహోవాకొరకు నేను సహనముతో కనిపెట్టుకొంటిని" అని బట్టీ పట్టించేవారు, దావీదు కూడా ఏదో కనిపెట్టాడు కాబోలు అనుకునేదాన్ని. ఇన్నేళ్ళకి అమ్మ మాటలోనే అర్థం దొరికింది. ఎదురుచూడ్డం అయితే గుమ్మంలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ కూడా చెయ్యొచ్చు. పాలు కనిపెట్టాలంటే గిన్నె దగ్గరే నిలబడాలి, కన్ను పక్కకి పోకూడదు, తొందరపడి మంట పెంచితే ఇంకా కష్టం. నాకు దేవుడి దగ్గర మంట పెంచే అలవాటు బాగా ఉంది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నాన్న అన్నం తిని పడుకుని సాయంత్రం లేచి తోటలోకి నడుద్దాం అన్నాడు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా కొబ్బరిచెట్లు దాదాపు అన్నీ కూలిపోయాయి, ఆ మరుసటి ఏడు వానలకి నాన్న మొక్కలు పాతాడు. అప్పటికి ఆయన బాగానే ఉన్నాడు, బిందెలతో మోసి పోశాడు. వాటిలో ఒకటి ఈ ఏడు తొలికాపు కాసింది. పక్కింటి కుర్రాడు ఒక బొండం దింపి కొట్టి ఇచ్చాడు. నాన్నకి కొబ్బరినీళ్ళు విషంతో సమానం, అందులో పొటాషియం ఎక్కువ, గుండెకి ప్రమాదం. ఆయన చెట్టు, ఆయన పోసిన నీళ్ళు, ఒక్క గుక్క లేదు. నాకు తాగబుద్ధి కాలేదు.

"తాగవే, ఎలగుంటాదో చూద్దాం" అన్నాడు.

తాగాను. ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు.

"తీపా?"

"తీపే నాన్నా."

"ఉప్పునేలకి చప్పగుంటాదేమో అనుకున్నాను" అని చెట్టు మీద చెయ్యి వేసి, ఆ ఫిస్టులా చెయ్యే, ఇంకో మూడు బొండాలు ఉన్నాయి ఆదివారం పాస్టరు గారికి పంపుదాం అన్నాడు. ఆ పిన్నికి కూడా ఒకటి పంపమన్నాడు. నేనైతే పంపను.