ఏ గేదెను ముందు అమ్మాలి

ఆషాఢం సగానికి వచ్చినా దుక్కి తడిసే వాన ఒక్కటీ పడలేదు. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలారని విని సంబరపడ్డాం గానీ, మాది అల్లవరం వైపు శివారు. పై ఊళ్ల నారుమళ్లు తడిశాక మిగిలినవే మాకు. ఈరోజు చూస్తే పిల్లకాలువలో గేదె గిట్ట మునిగేన్ని నీళ్లు కూడా లేవు.

బేరగాడు పొద్దున్నే వచ్చాడు. అడగకుండానే కొట్టంలోకి వెళ్లి చుక్క గేదె పొదుగు చూశాడు, పెద్ద గేదె వీపు తడిమాడు. "ఇప్పుడైతే ఒంటిమీద కండ ఉందమ్మా. వచ్చే నెల అందరూ తోలుకొస్తారు, అప్పుడు ఈ రేటు నేను కూడా ఇవ్వలేను" అన్నాడు. అతని లాభం అతను చూసుకుంటాడు, కానీ ఆ మాట నిజం. గడ్డి అయిపోయాక సంతకి తోలిన పశువుకి ఎముకల ధరే వస్తుంది. అమ్మాలనుకుంటే ఇప్పుడే అమ్మాలి. నా టెన్షన్ అంతా దేన్ని అన్న దగ్గరే.

మా ఆయన చుక్కదాన్ని ఇచ్చేద్దామన్నారు. ఎనిమిదో నెల చూడి, మంచి ముర్రా పోలిక, నాలుగింటిలో ఎక్కువ డబ్బు వచ్చేది దానికే. దాని డబ్బుతో మిగతావాటికి గడ్డి కొనొచ్చని ఆయన లెక్క. అత్తయ్య గారేమో అసలు దేన్నీ అమ్మొద్దంటారు. "గొడ్డు ఉన్న ఇంటికి గడ్డి అదే వస్తుంది" అని ఆవిడ నమ్మకం. వెనకటి రోజుల్లో గోదావరి లంకలకు తోలితే మేత దొరికేదట. ఇప్పుడు మా చుట్టూ అన్నీ రొయ్యల చెరువులే, గట్టు మీద గడ్డి కూడా మొలవదు.

మధ్యాహ్నం గడ్డిమేటు దగ్గర నిలబడి లెక్క వేసుకున్నాను. దాళ్వా, అంటే రెండో పంట వరి, మిషన్‌తో కోయించాం కదా, గడ్డి చేలో చెల్లాచెదురుగా పడింది. చుట్టలు కట్టించేలోపు వాన పడి సగం మాగిపోయింది. పచ్చిమేతకని పిల్లిపెసర చల్లితే జానెడు ఎత్తున మాడింది. పచ్చగడ్డి లేకుండా పెద్ద గేదె కడుపు నింపాలంటే రోజుకి 10 కిలోల ఎండుగడ్డి కావాలి, నెలకి 3 క్వింటాళ్లు. అది ఒక్కదానికి. పైగా వరిగడ్డిలో బలం తక్కువ, తవుడు, నూనెచెక్క కలపకపోతే పాలు దిగవు. పాల డబ్బులు దాణా కొట్టుకే పోతున్నాయి.

నీళ్ల సంగతి ఇంకా కష్టం. మా బోరు ఉప్పు. పాలిచ్చే గేదె ఎండల్లో రోజుకి 60, 70 లీటర్లు తాగుతుంది, ఉప్పునీళ్లు పెడితే మూతి తిప్పేస్తుంది. గేదెకి చెమట తక్కువ, నల్లతోలు, చెరువులో పడుకుంటేనే దాని ఒళ్లు చల్లబడేది. చెరువు అడుగంటింది కాబట్టి గోనెపట్టాలు తడిపి వీపుల మీద కప్పుతున్నాను. అయినా రొప్పుతూనే ఉన్నాయి.

సాయంత్రం పాలు తీశాక నా మాట చెప్పాను. చుక్కది దసరా నాటికి ఈనుతుంది. దాన్ని ఇప్పుడు అమ్ముకుంటే వచ్చే ఏడాది పాలు అమ్ముకున్నట్టే. వానలు పడ్డాక అందరూ కొనేవాళ్లే, అప్పుడు అలాంటిదాన్ని ఈ డబ్బుకి తేలేం. కడుపులో దూడ బాగా పెరిగేది చివరి రెండు నెలల్లోనే, కాబట్టి ఉన్న మంచి మేత ముందు దానికే పెట్టాలి. అమ్మాల్సింది పెద్దదాన్ని. పాలు లేవు, ఎన్నిసార్లు చూడి ఇంజెక్షన్ చేయించినా చూడి నిలవలేదు. అది తినే 3 క్వింటాళ్లు చుక్కదానికి మిగులుతాయి.

చెప్పానే గానీ గొంతు పెగల్లేదు. మా అమ్మాయి ఇంటర్ ఫీజు కట్టింది దాని పాలతోనే. నేను పాలు తీసేటప్పుడు ఒక్కసారి కూడా కాలు విసరలేదు. వట్టిపోయిన గేదె సంత నుంచి ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. అత్తయ్య గారు ఏమీ అనకుండా లేచి దానికి కుడితి పెట్టి వచ్చారు. రాత్రి భోజనాల దగ్గర, "ఆదివారం వద్దు, సోమవారం తోలండి" అని మాత్రం అన్నారు.

ఇంకా ఈనని పడ్డని అమ్మడం లేదు. రావులపాలెం వైపు మా ఆడపడుచు వాళ్లకి గోదావరి ఒడ్డున లంకభూమి ఉంది, పచ్చిమేతకి లోటు లేదు. ఫోన్ చేస్తే పంపమన్నారు. మేపినందుకు ఈనాక దాని ధరలో సగం వాళ్లది. బయటివాళ్లకి ఇచ్చే కంటే ఇదే నయం అనిపించింది.

పాడవని గడ్డిని యూరియాతో మగ్గబెట్టుకోమని పశువుల డాక్టర్ గారు ముందే చెప్పారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకీ చల్లి, తొక్కి, గాలి చొరకుండా టార్పాలిన్ కప్పాలి. చిన్న దూడలకి అది పెట్టకూడదు. 3 వారాల దాకా విప్పకూడదు కాబట్టి అప్పటివరకు మేటులో ఉన్నదాన్నే సర్దాలి. టార్పాలిన్ మా ఆయన రేపు అమలాపురం నుంచి తెస్తానన్నారు. ఈలోపు మాగిపోయిన గడ్డి ఏరి పక్కన పడెయ్యాలి, బూజు పట్టింది చూడి గేదె నోటికి అందకూడదు.